ప్రీస్కూల్ అసిస్టెంట్ టీచర్‌గా చేరే ముందు

అమ్మడూ,

ఈఏడీ (అమెరికాలో పనిచేయడానికి అనుమతి కార్డు) చేతికొచ్చింది, పబ్లిక్ ప్రీస్కూల్లో అసిస్టెంట్ టీచర్‌గా చేరతానంటున్నావు. మంచిదే. ముందు ఆ క్లాసు ఎవరి డబ్బుతో నడుస్తోందో కనుక్కో. అమెరికాలో అర్హత, జీతం, చదువుకు సాయం అన్నీ దాన్ని బట్టే మారతాయి.

హెడ్ స్టార్ట్ (పేద కుటుంబాల పిల్లల కోసం ఫెడరల్ ప్రభుత్వం డబ్బిచ్చే ప్రీస్కూల్) అయితే సీడీఏ, అంటే చిన్నపిల్లల బోధనకిచ్చే సర్టిఫికెట్, ఉండాలి. లేదా చేరిన రెండేళ్లలో అది పూర్తయ్యే కోర్సులోనో, డిగ్రీలోనో చేరి ఉండాలి. టైటిల్ వన్ నిధులతో, అంటే పేద పిల్లలు ఎక్కువున్న బడులకిచ్చే ఫెడరల్ డబ్బుతో, నడిచే బడి అయితే హైస్కూల్ పైన రెండేళ్ల కాలేజీ చదువు చూపించాలి, లేదంటే అసిస్టెంట్ టీచర్ల కోసం పెట్టే ప్యారాప్రో లాంటి పరీక్ష పాసవ్వాలి. మన బీకామ్ చూపించొచ్చు గానీ మార్కుల మెమో జిరాక్సు ఇస్తే సరిపోదు, అది అమెరికా చదువులో దేనికి సమానమో తేల్చే ఇవాల్యుయేషన్ చేయించాలి. అక్కడ మన యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు కదలడమే ఆలస్యం. అవి వచ్చేలోపు ప్యారాప్రో రాసెయ్: 90 ప్రశ్నలు, రెండున్నర గంటలు, చదవడం, రాయడం, మామూలు లెక్కలు. నీకదో లెక్క కాదు.

సీడీఏకి 120 గంటల శిక్షణ కావాలి. మొత్తం ఎనిమిది విభాగాలు, ఒక్కోదాంట్లో 10 గంటలకు తగ్గకూడదు. పిల్లలతో పని 480 గంటలు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: పసిపిల్లల గదిలో చేసిన గంటలు ప్రీస్కూల్ సీడీఏకి చెల్లవు, మూడు నుంచి ఐదేళ్ల పిల్లలతో చేసినవే లెక్క. ఖర్చు మాత్రం నీ చేతి నుంచి పెట్టకు. పలు రాష్ట్రాల్లో చిన్నపిల్లల టీచర్ల చదువుకిచ్చే టీచ్ స్కాలర్‌షిప్ ఉంది, ఎక్కువ భాగం అదే భరిస్తుంది. బదులుగా కొంతకాలం అదే చోట పనిచేయాలి. బడి సహకారం కావాలి కనుక ఇంటర్వ్యూలోనే అడిగెయ్.

ఇక జీతం. గంటకు 18 డాలర్లనగానే మనసులో ఏడాదికి 2,080 గంటలు వేసుకుని 37,440 అనుకుంటాం. బడి నడిచేది సుమారు 180 రోజులు. రోజుకు ఆరున్నర గంటలిస్తే 1,170 గంటలు, అంటే 21,060 డాలర్లు. అందులోంచే పన్నులు. ఎండాకాలం సెలవుల్లో జీతం రాదు, తిరిగి తీసుకుంటామని బడి మాటిస్తే చాలా రాష్ట్రాల్లో నిరుద్యోగ భృతీ ఇవ్వరు. పది నెలల జీతాన్ని పన్నెండు నెలలకు సర్ది ఇస్తారేమో అడుగు. వారానికి 29 గంటలని రాస్తే అనుమానించు. 30కి చేరితే పెద్ద యజమాని హెల్త్ ఇన్సూరెన్స్ ఇవ్వాల్సి వస్తుంది, ఆ ఒక్క గంట అందుకే తగ్గిస్తారు. నా దృష్టిలో గంటకు డాలరు ఎక్కువిచ్చే ఉద్యోగం కన్నా ఇన్సూరెన్స్ ఇచ్చేదే మేలు.

రేటు గురించి అందరూ అడుగుతారు, ప్లానింగ్ టైమ్ గురించి ఎవరూ అడగరు. లీడ్ టీచర్ వారం పాఠం రాసుకునేటప్పుడు నిన్ను కూర్చోబెట్టుకుంటుందా, ఆ గంటకు జీతం ఉంటుందా? పిల్లలు ఉన్న గంటలకే జీతమిచ్చే చోట అసిస్టెంటుకు ఆ రోజు పాఠం ఏమిటో క్లాసులోకి వచ్చాకే తెలుస్తుంది. చివరికి స్నాక్సు, బాత్రూమ్, తుడవడం, ఇవే మిగులుతాయి. శిక్షణ ఏడాదికి 15 గంటలైనా ఉండాలి, అదీ జీతం ఉన్న రోజుల్లోనే. క్లాసుకు వచ్చి చూసి చెప్పే కోచ్ లీడ్ టీచర్‌కేనా, నీకూనా అని కూడా అడుగు.

ఆఫర్ లెటర్ రాగానే సంతకం పెట్టేయకు. గంటలు, నెలలు రాసిన పేజీ ఫోటో తీసి నాకు పంపు.

మీ పిన్ని