ఎం-బుక్ అందుకున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నీవు పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగంలో ఏఈఈగా (సహాయ కార్యనిర్వాహక ఇంజనీరుగా) చేరావని చెబుతూ, "లంచం ముట్టుకోకపోతే సరిపోతుంది కదా, అన్నయ్యా" అని మీ అమ్మ అడిగింది. ముప్పై మూడేళ్లు ఇదే కొలువు చేసినవాణ్ణి కనుక సరిపోదనే చెప్పాను. కవరు తిప్పి పంపడం ఒక్క నిమిషం పని. ప్రభుత్వ సొమ్ము పోయేది మాత్రం అంతకంటే చాలా ముందు, ఎస్టిమేటులో ఎవరూ తరచి చూడని ఒక అంకె దగ్గర.

ఆ అంకె చాలాసార్లు, సామగ్రి ఎంత దూరం నుంచి వస్తుందో చూపే లీడు స్టేట్‌మెంటులోనే ఉంటుంది. కంకర పన్నెండు కిలోమీటర్ల దూరంలోని క్వారీ నుంచి వస్తుందని ఊరందరికీ తెలిసినా, కాగితం మీద నలభై కిలోమీటర్ల అవతలి క్వారీ పేరు ఉంటుంది. ప్రతి ఘనపు మీటరుకూ ఆ రవాణా తేడా కలుస్తూ పోతుంది. కాబట్టి సంతకం చేసేముందు బండి వేసుకుని క్వారీ దాకా వెళ్లి, మీటరు రీడింగు రాసుకుని రా. 2003 జులైలో వచ్చిన 94వ నంబరు జీవోతో గుత్తేదారులు అంచనా విలువ మీద ఇంత శాతం ఎక్కువకో తక్కువకో కోట్ చేసే పద్ధతి వచ్చింది, ఎక్సెస్‌కు, అంటే అంచనాకు మించి కోట్ చేయడానికి, 5 శాతం హద్దు కూడా పెట్టారు. అంచనాయే ఉబ్బి ఉన్నప్పుడు, పని పది శాతం లెస్‌కు, అంటే అంచనాకంటే తక్కువకు, పోయిందని సంబరపడటం నాకెప్పుడూ నవ్వు తెప్పించేది.

ఇక టెండరు సంగతి. ఆన్‌లైన్ వచ్చాక పెట్టె దగ్గర కాపలా కాసి షెడ్యూళ్లు వేయనివ్వని రోజులు పోయాయి కానీ, గుత్తేదారులు ముందే కూడబలుక్కుని రింగు కట్టడం పోలేదు. ముగ్గురి ధరావతు (టెండరుతో కట్టే డిపాజిట్) డీడీలూ ఒకే బ్యాంకు శాఖ నుంచి వరుస నంబర్లతో వస్తే ఆ సంగతి ఫైలులో రాసి పైకి పంపు. ఒకే రోడ్డును ముక్కలు చేసి నామినేషన్ మీద, అంటే టెండరు లేకుండా, ఇమ్మని అడిగినప్పుడు కూడా జవాబు నోటిమాటగా కాక కాగితం మీదే ఉండాలి.

అన్నిటికంటే జాగ్రత్త కావలసింది, చేసిన పని కొలతలు రాసే ఎం-బుక్ (మెజర్‌మెంట్ బుక్) దగ్గర. సిమెంటు రోడ్డు మందం అంచున కొలిస్తే 150 మిల్లీమీటర్లూ ఖచ్చితంగా వస్తుంది, ఎందుకంటే అక్కడ కాంక్రీటును ఆపే షట్టరింగు ఛానెల్ ఉంటుంది. మధ్యలో నేలను ఉబ్బెత్తుగా వదిలేసి పోస్తే అక్కడ 110 కూడా ఉండదు. అందుచేత కాంక్రీటు పోయకముందే రెండు ఛానెళ్ల మీదుగా దారం లాగి, మధ్యలో లోతు చూడు. మట్టిలో పూడిపోయే పని ఏదైనా పూడ్చకముందే కొలవాలి. నేను డీఈఈగా (ఉప కార్యనిర్వాహక ఇంజనీరుగా) ఉండగా ఒక కల్వర్టు పునాదిని పూడ్చిన తరువాత, కిందివాడి మాట నమ్మి కొలతలు సరిచూశానని చెప్పే చెక్ మెజర్‌మెంట్ సంతకం పెట్టాను. రెండు వానాకాలాలకే వింగ్ వాల్ (పక్క గోడ) ఒరిగింది. తవ్వి చూస్తే నాలుగడుగులు రాసినచోట రెండున్నర అడుగులే ఉంది. నేను రూపాయి తీసుకోలేదు, అయినా ఆ దొంగతనానికి సంతకం నాదే.

ఊరివాళ్లు వచ్చి ప్రశ్నిస్తే విసుక్కోకు. 2005 నాటి సమాచార హక్కు చట్టం పనిని తనిఖీ చేసే హక్కునూ, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కునూ పౌరుడికి ఇచ్చింది. నీ మీద ఒత్తిడి పెరిగిన రోజున నిన్ను కాపాడేది ఆ పదిమంది చూపే.

ఒంటరిగా మాత్రం వెళ్లకు. స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాలను ప్రధాని కార్యాలయానికి రాసిన ఇంజనీరు సత్యేంద్ర దూబే తన పేరు గోప్యంగా ఉంచమని కోరినా, ఆ లేఖ ఆయన పేరుతోనే చేతులు మారింది. 2003 నవంబరు 27న గయలో ఆయనను కాల్చి చంపారు. దోపిడీ దొంగల పని అని దర్యాప్తు తేల్చింది, ఆ తీర్పుతో నా మనసు ఈనాటికీ సమాధానపడలేదు. నీకు అనుమానం కలిగిన ప్రతిసారీ ఈఈ (కార్యనిర్వాహక ఇంజనీరు) గారికి తేదీ వేసి లేఖ రాయి, అది అందినట్టు ఆఫీసు వేసే ఇన్‌వర్డు నంబరు తీసుకో, నకలు ఇంట్లో ఉంచు.

నా పాత స్టీలు టేపు మీ తమ్ముడి చేత పంపుతున్నాను. దాని కొస రెండు మిల్లీమీటర్లు అరిగింది. 100 మిల్లీమీటర్ల గీత దగ్గర పెట్టి కొలిచి, వచ్చినదాంట్లోంచి 100 తీసివేసి రాసుకో.

ఇట్లు,
మీ మావయ్య