దూరాన ఉన్న పిల్లలకు ఇంటి ఫొటోలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లోనూ, అమ్మాయి మెల్‌బోర్న్‌లోనూ ఉంటున్నారు. అబ్బాయి కుటుంబంతో వచ్చినప్పుడు మనవడి అన్నప్రాశన ఇక్కడే చేశాము. ఆ ఫొటోలను బంధువుల వాట్సాప్ గ్రూపులో పంపి, పిల్లవాడి పూర్తి పేరు, పుట్టినరోజుతో సహా ఫేస్‌బుక్‌లో కూడా పెట్టాను. వాటిని తీసేయమని కోడలు అన్నందుకు మనసు కష్టపడింది. వాట్సాప్‌లో వచ్చినవాటిని పెద్ద సైజులో ప్రింటు వేయిస్తే మసకగా వచ్చాయని అమ్మాయి అంటోంది. మా పెళ్లినాటి (1978) ఆల్బమ్ కూడా వాళ్లకు పంపాలని ఉంది. మార్గం చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

సమాధానం: మీ ఉత్తరంలో ఫొటోల గురించిన సందేహం కన్నా కోడలి మాటకు మీరు నొచ్చుకున్న తీరే ఎక్కువగా కనిపిస్తున్నది కనుక ముందు దాని సంగతి చూద్దాం. ఈ విషయంలో న్యాయం ఆమె పక్షానే ఉంది. పసివాడి ముఖం, పూర్తి పేరు, పుట్టిన తేదీ ఒకేచోట అందరికీ కనబడేలా ఉంచితే, వాటిని ఎవరు దాచుకుంటారో, దేనికి వాడుకుంటారో మన చేతిలో ఉండదు. ఆ తరువాత మనం తొలగించినా, అప్పటికే దాచుకున్నవారి దగ్గర అవి ఉండనే ఉంటాయి. పిల్లవాడి ఫొటో ఎవరెవరు చూడవచ్చునో నిర్ణయించే హక్కు మొదట తల్లిదండ్రులది. మీరు మనవడిని చూపించుకోవద్దని ఆమె అనలేదు, ఊరందరికీ చూపించవద్దని మాత్రమే అన్నది.

ఇక మసక సంగతి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో, త్వరగా చేరడం కోసం బాగా కుదించబడి వెళుతుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ పద్ధతి కొంత మేలే గాని, అదీ అసలు ఫొటోకు సమానం కాదు. ఉన్నది ఉన్నట్టుగా చేరాలంటే ‘డాక్యుమెంట్’ రూపంలో పంపాలి. ఒక్కొక్క ఫైలు 2 జీబీ వరకు ఉండవచ్చు. అయితే కెమెరాలో లొకేషన్ ఆన్ చేసి ఉంటే, ఫొటో తీసిన చోటు వివరం కూడా ఆ ఫైలుతోనే వెళుతుందని మరవకండి.

పది ఫొటోలకైతే ఇది చాలు. వేడుక మొత్తం పంపాలంటే గూగుల్ ఫొటోస్‌లో ఉమ్మడి ఆల్బమ్ తెరిచి, అబ్బాయినీ అమ్మాయినీ వారి ఈమెయిల్ చిరునామాలతో చేర్చండి. లింకు ద్వారా చూసే సౌకర్యాన్ని మూసివేయండి, లేకపోతే ఆ లింకు చేతికి చిక్కిన ఎవరైనా ఆల్బమ్ మొత్తం చూడగలరు. 2021 జూన్ 1 తరువాత చేర్చే ఫొటోలన్నీ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోకే లెక్కకు వస్తాయి, జీమెయిల్, డ్రైవ్ కూడా అందులోనే వాటా పంచుకుంటాయి. ఫొటో ఒక్కొక్కటి 10 ఎంబీ అనుకుంటే, ఆ చోటంతా ఖాళీగా ఉన్నా దాదాపు 1,500కు మించి పట్టవు. పిల్లల దగ్గర ఐఫోన్లు ఉండి, వారు యాపిల్ వారి ఐక్లౌడ్ ఉమ్మడి ఆల్బమ్ అంటే, చూసుకోవడానికి అది బాగుంటుంది గాని, ఫొటో పొడవైన వైపు 2,048 పిక్సెళ్లకు తగ్గిపోతుంది కనుక పెద్ద ప్రింటుకు నమ్ముకోవద్దు.

పెళ్లి ఆల్బమ్ విషయంలో తొందరపడవద్దు. జిగురు అట్టకు అంటుకుపోయిన ఫొటోలను ఊడదీయకుండా, పేజీని పేజీగానే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేయించండి. గవర్నర్‌పేట వైపు స్టూడియోలలో అడిగి చూడండి, ఆల్బమ్ అక్కడే వదిలి రాకుండా పని పూర్తయ్యేదాకా పక్కనే కూర్చోండి. స్కానర్ కన్నా ముఖ్యమైన పని మాత్రం మీ చేతిలోనే ఉంది. పీటల వెనుక నిలబడిన పెద్దావిడ మీకు మేనత్త కావచ్చు, మీ మనవడికి ఆమె ఎవరో తెలియని ముసలావిడ. ఆమె పేరు, ఊరు, వరుస చెప్పగలిగినవారు ఇంట్లో ఇప్పుడు ఎందరున్నారు? గూగుల్ ఫొటోస్‌లో ప్రతి ఫొటోకూ వివరణ రాసుకునే చోటు ఉంటుంది. టైపు చేయడం కష్టమైతే, ఆల్బమ్ ముందు పెట్టుకొని పేజీ పేజీకీ మాట్లాడుతూ ఫోన్‌లో రికార్డు చేసి పంపండి, రాసిపెట్టే పని పిల్లలు చూసుకుంటారు. మీ గొంతూ వారి దగ్గర ఉంటుంది.

ప్రశ్న: మా నాన్నగారు కాలం చేశారు. ఇంటి ఫొటోలన్నీ ఆయన గూగుల్ ఖాతాలోనే ఉన్నాయి, విదేశంలోని మా అన్నయ్య వాటిని ఆయన పంచిన ఉమ్మడి ఆల్బమ్‌లో చూస్తుంటాడు. అలాగే వదిలేయవచ్చా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: వదిలేయవద్దు. రెండేళ్లపాటు వాడకుండా ఉన్న వ్యక్తిగత ఖాతాలను గూగుల్ తొలగించవచ్చు, అన్నగారు తన ఖాతా నుంచి చూసినంత మాత్రాన అది నాన్నగారి ఖాతాను వాడినట్టు కాదు. ఖాతా తెరుచుకోకపోతే, మరణ ధ్రువీకరణ పత్రంతో కుటుంబ సభ్యులు గూగుల్‌కు అభ్యర్థన పంపుకోవచ్చు. పాస్‌వర్డ్ మాత్రం వారు ఇవ్వరు, పరిశీలించిన మీదట కొన్ని సందర్భాలలో అందులోని సమాచారం ఇవ్వవచ్చు. దానికి ముందు మీ అన్నగారిని ఆ ఉమ్మడి ఆల్బమ్‌లోని ఫొటోలన్నీ తన ఖాతాలోకి, ఒక హార్డ్ డిస్కులోకి దింపుకోమని ఈ వారమే చెప్పండి.