తాతయ్యకు ‘కింగ్ లియర్’ చూపించే ముందు

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

షేక్‌స్పియర్ నాటకాన్ని లారెన్స్ ఒలీవియర్‌తో తీసిన 1983 నాటి ‘కింగ్ లియర్’ సినిమాను ఈ సెలవుల్లో ఇంట్లోనే తాతయ్యకు చూపిస్తావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. జీవితమంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పిన నాకు ఆ మాట వినగానే కడుపు నిండింది. అయితే తాతయ్య కొబ్బరితోటను మా ముగ్గురు అక్కచెల్లెళ్లకూ రాసిచ్చి ఏడాదైనా కాలేదు. రాజ్యాన్ని కూతుళ్లకు పంచి, తలదాచుకునే చోటు లేక గాలివానలో పడిన ముసలిరాజు కథను ఆయన పరాయి కథగా చూడలేరు.

సినిమా రెండున్నర గంటలు దాటుతుంది కనుక మధ్యాహ్నం భోజనాలు కాగానే మొదలుపెట్టు. ఇన్వర్టరు ముందే చూసుకో. పక్కనే కూర్చుని మాటలన్నీ తెలుగులో చెబుతూ ఉండు. లియర్ కొలువులోని ముసలి ప్రభువు గ్లోస్టర్ కళ్లు పెరికించే ఘట్టాన్ని మాత్రం దాటించెయ్యి; శుక్లాల ఆపరేషను చేయించుకున్న మనిషికి అది చూపించడమేమిటి?

అన్నిటికంటే ముఖ్యం, గాలివాన దగ్గర ఆపవద్దు. నేను పనిచేసిన ఒక కాలేజీలో ఇదే సినిమాను వీడియో క్యాసెట్టు తెచ్చి వేశారు. లియర్ వానలో తడుస్తూ కూతుళ్లను శపిస్తుండగా కరెంటు పోయింది. ఎంతసేపటికీ రాకపోయేసరికి, మిగతాది విద్యార్థులు పుస్తకంలో చదువుకుంటారులెమ్మని ఏర్పాటు చేసినవారు తేల్చేశారు. ఆ మర్నాడైనా వేయలేదు. సహోద్యోగి ఒకరి తండ్రిగారు కూడా ఆరోజు చూడటానికి వచ్చారు. భూమిని పిల్లల పేర పెట్టి, కొడుకు పంచన ఉంటున్న మనిషి. చీకట్లో కాలితో తడుముతూ చెప్పులు వెతుక్కుంటూ, “ఆ చిన్నపిల్ల మళ్లీ వస్తుందా అమ్మా?” అని నన్ను అడిగారు. లియర్ మొదట్లోనే కాదని వెళ్లగొట్టిన చిన్నకూతురు కార్డీలియా గురించే ఆయన బెంగ. వస్తుందని చెప్పాను. నోటిమాటగా విన్నదానికీ, కళ్లారా చూసినదానికీ ఎంత తేడా! కూతుళ్లకు లియర్ పెట్టిన శాపనార్థాలొక్కటే మనసులో పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లారు.

ఆయనకు దక్కకుండా పోయిన ఘట్టం నాలుగో అంకం చివర ఉంది. నిద్ర లేచిన లియర్ కార్డీలియాను గుర్తుపట్టి, నువ్వు విషమిచ్చినా తాగుతాను, నా మీద కోపానికి నీకు కారణముంది అంటాడు. ఏ కారణమూ లేదు, ఏ కారణమూ లేదు అంటుంది ఆ పిల్ల. అంతవరకూ ఎవరొచ్చి తలుపు కొట్టినా నువ్వు లేవకు. ఆ తరువాత తాతయ్య ఇక చాలంటే ఆపెయ్యి, బలవంతపెట్టకు.

ముగింపు సంగతి మాత్రం ముందే చెప్పు. లియర్ కథ నుంచే ఎత్తుగడ తీసుకున్న కె.వి.రెడ్డిగారి ‘గుణసుందరి కథ’ (1949) సుఖాంతం. ఇదీ అలాగే ముగుస్తుందని తాతయ్య ఎదురుచూస్తారు. ఇందులో కార్డీలియా చనిపోతుంది. ఆ చావును ఇంగ్లీషువాళ్లే ఓర్చుకోలేకపోయారు: 1681లో నేహమ్ టేట్ అనే కవి ఆమెను బతికించి తిరగరాసిన నాటకాన్నే సుమారు నూటయాభై ఏళ్లు ఆడుకున్నారు.

ఇంత రాశాక కూడా నాకు మనసు నిలవడం లేదు. ఆయన ముగ్గురు కూతుళ్లలో ఒకదాన్ని నేను; ఆ ఘట్టం వచ్చేసరికి ఆయన పక్కన నేను లేకపోతే ఎలా? ఆదివారం కాకినాడలో మొదటి బస్సెక్కి వస్తున్నాను. పిన్నిని కూడా రమ్మను. మేమిద్దరం వచ్చేదాకా సినిమా మొదలుపెట్టకు.

నీ పెద్దమ్మ