టార్ రిలే పెట్టాను, ట్రాఫిక్ రావట్లేదేం?

ప్రశ్న: సర్, మా ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది. ప్రొవైడర్ దగ్గర స్టాటిక్ ఐపీ కూడా తీసుకుని, పాత పీసీ మీద టార్ మిడిల్ రిలే నడుపుతున్నాను. పది రోజులైంది. మొదట్లో దాదాపు ఏమీ రాలేదు, తర్వాత కాస్త పెరిగింది, ఇప్పుడు మళ్లీ పడిపోయింది. లైన్ స్పీడ్ టెస్ట్‌లో మాత్రం ఫుల్లుగా చూపిస్తోంది. లోపం నా సెట్టింగుల్లోనా? ఇంకో టెన్షన్ ఏంటంటే, ఒకవేళ ట్రాఫిక్ నిజంగా వస్తే నా 3300 జీబీ ఎఫ్‌యూపీ (నెలవారీ డేటా పరిమితి) ఏమవుతుంది?
(హన్మకొండ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీరు చెప్పినదాన్నిబట్టి లోపమేమీ కనిపించడం లేదు. కొత్తవాళ్ల కోసం ఒక మాట: టార్ అంటే మన ట్రాఫిక్‌ను వాలంటీర్ల కంప్యూటర్ల మీదుగా మూడంచెల్లో తిప్పి, ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో దాచే నెట్‌వర్క్. అలా మోసే ఒక్కో కంప్యూటరే రిలే; మొదటి అంచెలోది గార్డ్, మధ్యలోది మిడిల్, చివరిది ఎగ్జిట్. మీ లైన్ 100 ఎంబీపీఎస్ అని మీకు తెలుసు, మీ ప్రొవైడర్‌కి తెలుసు, కానీ టార్ నెట్‌వర్క్ ఆ మాటను ఊరికే నమ్మదు. నమ్మకూడదు కూడా. ఎందుకంటే టార్‌లో ఎక్కువ బ్యాండ్‌విడ్త్ ఉన్న రిలేకి ఎక్కువమంది ట్రాఫిక్ వెళ్తుంది, అంటే అంతమంది కనెక్షన్లు దాని కళ్లముందు నుంచి పోతాయి. ఒకప్పుడు రిలే తన గురించి తాను చెప్పుకున్న అంకెనే చాలావరకు తీసుకునేవారు. 2007లో అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ప్రయోగ నెట్‌వర్క్‌లో కొన్ని చిన్న రిలేలు పెట్టి, వాటిచేత గొప్పలు చెప్పించి, తమ వాటాకు మించి ఎన్నో రెట్ల కనెక్షన్లు వాటివైపు లాక్కోవచ్చని చూపించారు. ఖర్చు పెట్టకుండా అబద్ధంతోనే పనైపోతుందన్నమాట!

అందుకే 2009 నుంచి బయటివాళ్లు కొలవడం మొదలైంది. మొదట టార్‌ఫ్లో అనే ప్రోగ్రామ్ ఉండేది, ఇప్పుడు దాని స్థానంలో ఎస్‌బీడబ్ల్యూఎస్ ఉంది. ఇది మీ రిలేని ఇంకో వేగమైన రిలేతో జతచేసి రెండంచెల సర్క్యూట్ (దారి) కట్టి, దాని మీదుగా ఒక వెబ్ సర్వర్ నుంచి డేటా దించుకుని ఎంత వేగం వచ్చిందో చూస్తుంది. ఆ వేగం మొత్తం నెట్‌వర్క్ సగటుతో పోలిస్తే ఎక్కువా తక్కువా అన్న నిష్పత్తిని బట్టి మీ రిలే సొంతంగా చెప్పిన అంకెను పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. రిలేల జాబితాను నిర్వహించే సర్వర్లను డైరెక్టరీ అథారిటీలు అంటారు. అవన్నీ కాదు, వాటిలో కొన్నే ఇలా కొలుస్తాయి. కనీసం మూడు కొలతలు వస్తే వాటిలో మధ్యస్థమైనదే మీ 'వెయిట్'. గంటగంటకూ వచ్చే కాన్సెన్సస్ పత్రంలో (అథారిటీలన్నీ కలిసి ఒప్పుకున్న రిలేల జాబితాలో) ఉండేది అదే. అది మీ స్పీడ్ అనుకోకండి, మిగతా రిలేలతో పోలిస్తే మీకు దక్కే వాటా అంతే.

మూడు కొలతలు రాకముందు వెయిట్ 20కి మించదు, అంటే దాదాపు సున్నా. మీ మొదటి రోజుల నిశ్శబ్దం అదే. తర్వాత ఇంకో చిక్కు ఉంది: రిలే సొంతంగా చెప్పే అంకె ఎక్కడిదంటే, గత కొద్ది రోజుల్లో వరసగా పది సెకన్లపాటు అది మోసిన అత్యధిక వేగం. మోస్తేనే అంకె పెరుగుతుంది, అంకె పెరిగితేనే మోయడానికి వస్తుంది. కాబట్టి ఎక్కడం మెల్లగానే ఉంటుంది. ఇక ఎనిమిదో రోజు దాటాక పడిపోవడం... టార్ రిలే సెర్చ్ సైట్‌లో మీ రిలే పేజీకి వెళ్లి గార్డ్ ఫ్లాగ్ (మొదటి అంచెగా వాడుకోవచ్చన్న గుర్తు) వచ్చిందేమో చూడండి. అది వచ్చాక మీ రిలేని మధ్య స్థానంలో వాడటం తగ్గుతుంది, కానీ యూజర్లు తమ గార్డ్‌ని నెలల తరబడి మార్చరు కాబట్టి కొత్తవాళ్లు మీ దగ్గరికి చేరడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. ఆఫ్ చేసి ఆన్ చేసి చూడటం వంటివి చేయకండి, ఉన్న పేరు కూడా కొంత తగ్గొచ్చు. పైగా టార్ రిలేలు ఎక్కువగా జర్మనీ, అమెరికా, నెదర్లాండ్స్ వైపు ఉన్నాయి, హన్మకొండ నుంచి అక్కడికి దూరమెక్కువ కాబట్టి కొలతలో కొంత నష్టపోతారు. నాకైతే ఇది అన్యాయంగానే అనిపిస్తుంది, ఎందుకంటే అన్నీ ఒకేచోట పోగుపడకుండా చూడాల్సిన నెట్‌వర్క్ ఇది.

ఇప్పుడు ఎఫ్‌యూపీ. టార్ సెట్టింగులుండే టార్‌ఆర్‌సీ ఫైల్లో 'రిలే బ్యాండ్‌విడ్త్ రేట్', 'రిలే బ్యాండ్‌విడ్త్ బర్స్ట్' అని రెండున్నాయి. ఒక తొట్టి అనుకోండి, సెకనుకు ఎంత నిండుతుందో రేట్, తొట్టిలో మొత్తం ఎంత పడుతుందో బర్స్ట్. చాలామంది బోల్తా పడేది యూనిట్ల దగ్గర: ప్రొవైడర్ చెప్పేది బిట్లలో, ఈ ఫైల్లో మామూలుగా రాసేది బైట్లలో. టార్ వాళ్లు సిఫారసు చేసే 16 మెగాబిట్లు అంటే సెకనుకు 2 మెగాబైట్లు. అంతే కదా అనుకుంటాం, కానీ అది ఆగకుండా నడిస్తే రోజుకు సుమారు 173 జీబీ, అదీ ఒకవైపే! లోపలికి వచ్చిన ప్రతి బైటూ మళ్లీ బయటికి పోవాలి, మీ ప్రొవైడర్ రెండూ లెక్కేస్తాడు.

అందుకని అదే ఫైల్లో, మొత్తం డేటాకు హద్దు వేసే 'అకౌంటింగ్ మ్యాక్స్' పెట్టుకోండి. మామూలు సెట్టింగులో ఇది రెండు వైపుల్లో ఏది ముందు ఆ అంకెకు చేరితే అక్కడ ఆగుతుంది, అంటే 1200 జీబీ అని రాస్తే అసలు ఖర్చు 2400 దాకా పోవచ్చు. ఇంట్లో వాళ్ల సినిమాలకు 900 మిగులుతుంది. 'అకౌంటింగ్ స్టార్ట్'లో నెల మొదటి తేదీ కాకుండా మీ బిల్లు తేదీ వేయండి. పరిమితి దగ్గరపడగానే రిలే కొత్త కనెక్షన్లు తీసుకోవడం మానేసి, తర్వాత నిద్రలోకి వెళ్తుంది. రేటు బాగా తగ్గించి నెలంతా నత్తలా నడపడం కంటే, వేగంగా కొన్నాళ్లు నడిచి నిద్రపోవడమే మేలని టార్ మాన్యువల్లోనే ఉంది. నిజమే గానీ నిద్రపోయే రిలేకి గార్డ్ ఫ్లాగ్ నిలవడం కష్టం. మీకైతే రేటు 2 మెగాబైట్లు పెట్టి, 1200ని కేవలం రక్షణగా ఉంచమంటాను. ఇక్కడి నుంచి అంత ట్రాఫిక్ రావడానికే చాలాకాలం పడుతుంది. ఇంటి నుంచి ఎగ్జిట్ రిలే మాత్రం వద్దు.

ప్రశ్న: మాది సీజీనాట్ కనెక్షన్ (ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచేది), స్టాటిక్ ఐపీ ఇవ్వడం కుదరదంటున్నారు. రిలే పెట్టలేనా?
(భీమవరం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మామూలు రిలే కుదరదండీ, బయటివాళ్లు నేరుగా చేరగల పబ్లిక్ ఐపీ కావాలి. దాని బదులు స్నోఫ్లేక్ ఎక్స్‌టెన్షన్‌ని మీ బ్రౌజర్‌లో వేసుకోండి, అది నాట్ వెనక నుంచి కూడా పనిచేస్తుంది. టార్‌ని అడ్డుకునే దేశాల వాళ్లు మీ బ్రౌజర్ మీదుగా టార్‌లోకి వెళ్తారు. పైన చెప్పిన వెయిట్లు, ఫ్లాగ్‌ల గొడవ దీనికి లేదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉన్నప్పుడు మాత్రం ఆఫ్ చేసుకోండి, లేదంటే మీ రోజు డేటా సాయంత్రంలోపే అయిపోవచ్చు.