వింటే వస్తుంది, రాయమంటే రాదు.. మా బాబు మందబుద్ధా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. పాఠం ఒకసారి వింటే కథలా తిరిగి చెప్పేస్తాడు. కిరాణా కొట్టుకు పంపితే చిల్లర సరిగ్గా తెస్తాడు. చదవమంటే మాత్రం కూడబలుక్కుంటాడు, రాయమంటే ఏడుస్తాడు. ‘బుర్ర తక్కువ, స్పెషల్ స్కూల్లో వేయండి’ అంటున్నారు టీచర్. బద్ధకమని మావారు కొడుతున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. నోట్‌బుక్ ఫొటో పంపుతున్నాను.
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆ కొట్టడం ఆపమనండి. మిగతావన్నీ తర్వాత.

ఫొటో చూశాను. ‘పలక’ రాయాల్సిన చోట ‘వలక’ ఉంది. రెండు లైన్ల కింద అదే మాట ‘పకల’ అయింది. ‘అమ్మ’లో వత్తు ఎగిరిపోయింది. ఒకటో తరగతిలో ఇవి పిల్లలందరూ చేసే తప్పులే. నాలుగో తరగతికొచ్చాక కూడా ఒకే పేజీలో ఒకే మాట రెండు మూడు రకాలుగా రాస్తున్నాడంటే డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య) ఉందేమోనని చూడాలి. చిల్లర లెక్క తప్పని పిల్లాడిని, కథ చెప్పే పిల్లాడిని మందబుద్ధి అనడానికి నాకు నోరు రావడం లేదు. బుద్ధిమాంద్యంలో చదువొక్కటే కాదు, మాటలు రావడం, బొత్తాలు పెట్టుకోవడం, డబ్బు లెక్క తెలియడం లాంటివన్నీ వయసుకు వెనకబడతాయి.

అయినా ఫొటో చూసి పేరు పెట్టేయలేను. మొదట కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. బోర్డు మసకగా కనిపించే పిల్లాడు ఆ మాట చెప్పడు. అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటాడు. తరచూ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి తగ్గుతుంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని సెకన్లు చూపు నిలిచిపోయి, పిలిచినా పలకడం లేదా? అది పరధ్యానం కాకపోవచ్చు, ఒక రకం ఫిట్స్ అయి ఉండొచ్చు. ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోతుంటే ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం) ఉందేమోనని చూస్తాం. అది డిస్లెక్సియాతో కలిసి ఉండటం కూడా మామూలే.

ఇవన్నీ తేలాక పిల్లల సైకాలజిస్ట్ ఐక్యూతో పాటు చదవడం, రాయడం, లెక్కలు విడివిడిగా పరీక్షిస్తారు. మీ జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాలను ముందుగా గుర్తించే ప్రభుత్వ కేంద్రం) ఉందేమో అడగండి, అక్కడ డబ్బు కట్టనక్కర్లేదు. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యాల కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీకి కూడా వెళ్లొచ్చు.

టీచర్‌ను మరీ తప్పు పట్టలేం, చట్టమే దీన్ని ఆలస్యంగా గుర్తించింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఉన్నవి ఏడు రకాలే. 2016 చట్టం వాటిని 21 చేసింది, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు అప్పుడే చేరాయి. అభ్యసన వైకల్యం ఉందన్న సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్ఈ బోర్డు పరీక్షలో మూడు గంటల పేపరుకు ఇంకో గంట ఇస్తారు, రాసిపెట్టే మనిషిని కూడా అనుమతిస్తారు. మీది స్టేట్ సిలబస్ అయితే ఏ మినహాయింపులు ఉన్నాయో హెడ్‌మాస్టర్‌ను అడగండి. డిస్లెక్సియా ఒక్కటే అయితే స్పెషల్ స్కూల్ అక్కర్లేదు. ఉన్న స్కూల్లోనే ఉంచి, ఇలాంటి పిల్లలకు విడిగా నేర్పే రెమెడియల్ టీచర్ దగ్గర అక్షరానికీ శబ్దానికీ ముడి కుదిరేలా ఓపిగ్గా నేర్పించాలి. నెలలు పడుతుంది.

జ్ఞాపకశక్తి సిరప్‌లు కొనకండి. డిస్లెక్సియాకు మందు లేదు.

పరీక్షకు వెళ్లేటప్పుడు ఒకటో తరగతి నుంచి ఉన్న పాత నోట్‌బుక్‌లు పట్టుకెళ్లండి. ఎర్ర ఇంకుతో కొట్టేసిన పేజీలే మాకు ఎక్కువ పనికొస్తాయి.