టెక్ సందేహాలు: ఏఐ పాఠం చెప్పే యాప్‌లో ఏఐ ఉండాలా?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. బడి పిల్లలకు ఏఐని జాగ్రత్తగా వాడటం నేర్పే యాప్ చేయాలంటే ఎలా? ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టుల హడావుడి మొదలైనట్టుంది. అందుకే ఫోన్ వేడెక్కుతోంది, స్టోరేజీ నిండిపోతోంది లాంటి ప్రశ్నల్ని వచ్చే వారానికి వాయిదా వేసి, ఈసారి జాగా అంతా వీటికే ఇస్తున్నాను.

మేం నలుగురం బీటెక్ ఫైనలియర్ విద్యార్థులం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఏఐని బాధ్యతగా వాడటం నేర్పే తెలుగు యాప్‌ని ప్రాజెక్టుగా తీసుకున్నాం. చాట్‌బాట్, కొన్ని వీడియోలు, క్విజ్, చివర్లో సర్టిఫికెట్ అనుకున్నాం. చాట్‌బాట్‌కి ఏ కంపెనీ ఏపీఐ అయితే చౌక? – కాకినాడ నుంచి ఒక విద్యార్థి

చాట్‌బాట్ తీసేయండి. ఏపీఐ (బయటి కంపెనీ ఏఐని మన యాప్‌కి కలిపే దారి) ఖర్చు గొడవే ఉండదు.

చిరాకు పడకండి, కారణాలున్నాయి. ఏపీఐ కీని, అంటే ఆ దారి తెరిచే రహస్య కోడ్‌ని, యాప్‌లోనే పెడితే, ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) విప్పడం తెలిసిన ఎవరికైనా అది దొరుకుతుంది. వాడుకునేది వాళ్లు, బిల్లు మీకు. అలా కాకుండా ఉండాలంటే మధ్యలో మీ సర్వర్ ఒకటి ఉండాలి, పరీక్షలైపోయి మీరు ఉద్యోగాల్లో చేరాక కూడా దాన్ని ఎవరో ఒకరు నడపాలి. రెండోది, పిల్లలు చాట్‌బాట్‌లో పాఠాలే అడుగుతారనుకోవద్దు. ఇంట్లో గొడవలు, స్నేహితుల పేర్లు, అమ్మ ఫోన్ నంబర్ అన్నీ టైప్ చేస్తారు. అవన్నీ బయటి కంపెనీ సర్వర్‌కి వెళ్తాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. ఒకే ప్రశ్నకు చాట్‌బాట్ ఒక్కోసారి ఒక్కో జవాబిస్తుంది. తరగతిలో నలభై మంది తెరల మీద నలభై రకాల జవాబులుంటే టీచర్ పాఠం చెప్పేదెలా?

బదులుగా ఇలా చేయండి. ఆ తరగతుల పాఠ్యపుస్తకాల నుంచి ప్రశ్నలు తీసుకుని, మీరే వేర్వేరు చాట్‌బాట్లను తెలుగులో అడగండి. వచ్చిన జవాబుల్ని ఉన్నవి ఉన్నట్టు దాచండి. ఏ చాట్‌బాట్, ఏ తేదీ అన్నది కూడా రాసిపెట్టండి. ఆ సబ్జెక్టు టీచర్‌తో తప్పులు గుర్తు పెట్టించండి. యాప్‌లో పిల్లలకు కనిపించేది ఈ జవాబులే. వాళ్ల పని, నమ్మదగని వాక్యాన్ని వేలితో తాకడం, తర్వాత పుస్తకంలో ఏ పేజీలో సరిచూడాలో చెప్పడం. నెట్ అక్కర్లేదు, సర్వర్ అక్కర్లేదు, పాత ఫోన్‌లోనూ నడుస్తుంది.

ఎలాంటి తప్పులు ఏరాలన్న దగ్గరే మీ ప్రాజెక్టు విలువంతా ఉంది. నాగార్జునసాగర్ గోదావరి మీద ఉందంటే ఎవరైనా పట్టేస్తారు. 'ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్ష చేసిన పొట్టి శ్రీరాములు 1953 అక్టోబర్ 1న కన్నుమూశారు' అన్న వాక్యం చూడండి. తడబాటు లేదు, తేదీ కూడా చరిత్రలో ఉన్నదే. కాకపోతే అది కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజు. ఆయన కన్నుమూసింది 1952 డిసెంబర్ 15న. రెండు నిజాలను తప్పుగా అతికించడం ఏఐకి బాగా అలవాటు. పిల్లలు అలవాటు పడాల్సింది ఇలాంటివి పట్టుకోవడానికి.

తెలుగు టీచర్ సాయం దొరికితే ఇంకో మంచి అభ్యాసం ఉంది. వేమన పద్యం చెప్పమంటే కొన్నిసార్లు చాట్‌బాట్ మకుటాన్ని సరిగ్గా పెట్టి, పై మూడు పాదాలూ సొంతంగా అల్లేస్తుంది. చదవడానికి నీతిగానే ఉంటుంది, అందుకే మోసపోతాం. గణ విభజన నేర్చుకున్న పిల్లలు గురువులు లఘువులు వేసి చూడొచ్చు. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే రావాలి కదా. గణాలు కుదరలేదంటే అనుమానించాల్సిందే. కుదిరినా అది వేమనదని రుజువు కాదు, పుస్తకం తీయాల్సిందే. ఛందస్సు ఎందుకు నేర్చుకోవాలని అడిగే పిల్లలకు ఇంతకంటే మంచి జవాబు నాకైతే తోచలేదు.

ఒక జాగ్రత్త. ప్రతి జవాబులోనూ తప్పు పెట్టకండి. పెడితే పిల్లలు ఆ ఆటను కనిపెట్టేస్తారు. ఏదో ఒకటి నొక్కాలి కాబట్టి నొక్కుతారు. కొన్ని జవాబులు పూర్తిగా సరైనవి ఉండాలి. సరైన వాక్యాన్ని తప్పన్నవాళ్లకు మార్కు తగ్గాలి. 'సరిచూడకుండా చెప్పలేను' అన్న బటన్ కూడా ఉండాలి, దాన్ని నొక్కి ఎక్కడ సరిచూడాలో చెప్పినవాళ్లకు పూర్తి మార్కు ఇవ్వాలి. మన బడుల్లో తెలియదంటే సున్నా వేస్తారు. ఇక్కడైనా ఆ పద్ధతి మారాలి.

కథ కావాలంటే నిజమైనదే ఉంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు ఒక విమానయాన సంస్థ మీద కేసులో చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పుల్ని కోర్టుకు సమర్పించారు. ఆ తీర్పులు అసలు లేనే లేవు. వాళ్లతో పాటు వాళ్ల సంస్థకూ కలిపి జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. పిల్లలు గమనించాల్సిన ముక్క ఏమిటంటే, వాళ్లలో ఒకరు 'ఈ కేసు నిజమైనదేనా?' అని చాట్‌జీపీటీనే అడిగారు, అది అవునంది. దొంగనే సాక్ష్యం అడిగినట్టయింది.

రెండో భాగంగా, పనుల్ని మూడు డబ్బాల్లోకి సర్దే ఆట పెట్టండి: ఏఐకి ఇచ్చేయొచ్చు, ఇచ్చి సరిచూడాలి, అసలివ్వకూడదు. సెలవు చీటీ నమూనా, తాతయ్య బీపీ మాత్ర డోసు, సైన్స్ ప్రాజెక్టుకి ఐడియాలు, స్నేహితురాలి ఫొటో, నాన్న ఆధార్ కార్డు, రేపు ఇవ్వాల్సిన వ్యాసం. వ్యాసం దగ్గర పిల్లలు కచ్చితంగా వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి, అక్కడ టీచర్ నింపుకునేలా ఒక ఖాళీ వదిలేయండి. ఏ బడి నియమం ఆ బడిది.

వీడియోలు, సర్టిఫికెట్ వద్దు. వైవాలో 'మీ యాప్ పని చేసిందని రుజువేంటి?' అని అడుగుతారు. యాప్ వాడకముందు, వాడాక, మునుపు చూడని రెండేసి జవాబులు ఇవ్వండి, వాటిలో ఒకటి సరైనది, ఒకటి తప్పులున్నది. ఎన్ని తప్పులు పట్టారన్నదే కాకుండా, సరైనదాన్ని అనవసరంగా ఎంతమంది అనుమానించారన్నదీ లెక్కపెట్టండి. అనుమానం పెరిగి, నిజం మీద కూడా నమ్మకం పోయిందంటే డిజైన్ మళ్లీ చూసుకోవాలి.

పిల్లలు హోంవర్క్ ఏఐతో రాయించుకుంటున్నారేమో పట్టే డిటెక్టర్‌ని ఇలాంటి యాప్‌లో పెట్టించవచ్చా? – జనగామ జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయిని

వద్దు మేడమ్. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ కంపెనీయే 2023లో ఇలాంటి డిటెక్టర్ విడుదల చేసింది. వాళ్ల సొంత పరీక్షలోనే అది ఏఐ రాసినవాటిలో 26 శాతాన్నే పట్టుకుంది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ ఖాతాలో వేసింది. ఆ ఏడాది జులైలోనే దాన్ని ఆపేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లకు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష వ్యాసాలు ఇచ్చి చూశారు. ఇంగ్లిష్ మాతృభాష కాని విద్యార్థులు సొంతంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాసినవని సగటున తేలాయి. తెలిసిన కొద్ది పదాలతో, చిన్న వాక్యాలతో రాసేవాళ్లే ఇరుక్కుంటారు. అంటే మన పిల్లలే.

రాసిన వ్యాసంలోంచి ఒక పేరా చూపించి 'ఇది నీ మాటల్లో చెప్పు' అని రెండు నిమిషాలు అడగండి. ఏ డిటెక్టరూ చెప్పనంత తెలుస్తుంది. యాప్‌లో పెట్టాలనుకుంటే 'ఏఐని ఏం అడిగాను, ఏది తీసుకున్నాను, ఏది మార్చాను' అని పిల్లలే రాసుకునే చిన్న ఫారం పెట్టించండి. నిజం రాసినవాళ్లకు శిక్ష ఉండకూడదు. ఉంటే రెండోసారి ఎవరూ రాయరు.

నాకు కోడింగ్ రాదు. ప్రభుత్వ పాఠశాలలో సైన్స్ చెబుతాను. ఇలాంటివి నేను చేయగలనా? – శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయుడు

చేయగలరు సార్. బ్లాకులు పేర్చి ఆండ్రాయిడ్ యాప్ చేసుకునే ఎంఐటీ యాప్ ఇన్వెంటర్ ఉచితం. తప్పు వాక్యాన్ని తాకే ఆట దానితో వస్తుంది. కానీ మీరు సైన్స్ టీచర్ కాబట్టి ముందు గూగుల్ వాళ్ల టీచబుల్ మెషీన్ చూడమంటాను. కంప్యూటర్, వెబ్‌క్యామ్ ఉంటే చాలు, బ్రౌజర్లోనే నడుస్తుంది.

పిల్లలతో మామిడాకులు, జామాకులు తెప్పించండి. మామిడాకులన్నీ తెల్ల కాగితం మీద పెట్టి ఫొటోలు తీయండి. జామాకులన్నీ బల్ల చెక్క మీద. మెషీన్‌కి నేర్పండి. ఇప్పుడు జామాకుని తెల్ల కాగితం మీద పెట్టండి. మామిడి అనే అవకాశం బాగా ఎక్కువ, ఎందుకంటే దానికి తేలిగ్గా దొరికిన తేడా ఆకులో కాదు, వెనకున్న రంగులో ఉంది. ఎందుకలా అన్నదని పిల్లల్నే అడగండి, కాసేపు ఊహించనివ్వండి. తర్వాత రెండు రకాల ఆకుల్నీ రెండు చోట్లా పెట్టి ఫొటోలు తీసి మళ్లీ నేర్పండి, ఎంత మారిందో వాళ్లే చూస్తారు. ఏఐలో పక్షపాతం అనే పాఠాన్ని నిర్వచనంతో మొదలుపెట్టే పుస్తకాలు చూస్తే నాకు విసుగు. ఈ ఆకుల తర్వాత, ఉద్యోగాల దరఖాస్తులు వడపోసే ఏఐ ఆడవాళ్లను ఎందుకు తక్కువ చేసిందో చెబితే వెంటనే ఎక్కుతుంది. అమెజాన్ అలాంటిదొకటి తయారు చేయించి పక్కన పడేసిందని 2018లో బయటపడింది. అది నేర్చుకున్న పాత దరఖాస్తుల్లో ఎక్కువ మగవాళ్లవే.

ఆకులే వాడండి. పిల్లల ముఖాలతో మాత్రం ఈ ప్రయోగం చేయకండి.

మాది చిన్న స్టార్టప్. పిల్లల యాప్‌లో ఫోన్ నంబర్‌తో లాగిన్ పెడితే ఏమైనా చిక్కా? – విజయవాడ

చిక్కే. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, అది నిర్ధారించుకోగలిగేదిగా ఉండాలి. 'నాకు అమ్మానాన్న ఒప్పుకున్నారు' అని పిల్లాడు టిక్ పెడితే సరిపోదు. పిల్లలకు గురిపెట్టిన ప్రకటనలు, వాళ్ల కదలికల మీద కన్నేయడం నిషిద్ధం. ఈ బాధ్యతలు మీరితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. విద్యాసంస్థలకు కొన్ని సడలింపులున్న మాట నిజమే కానీ మీరు బడి కాదు.

లాగిన్ లేకుండా చేయండి. మారుపేరు, ఒక బొమ్మ, మార్కులు ఫోన్‌లోనే. టీచర్‌కి మార్కులు కావాలంటే తరగతి కోడ్ చాలు. ప్రకటనల ఎస్‌డీకేలు (ప్రకటనలు చూపించే రెడీమేడ్ కోడ్ ముక్కలు) ఏవైనా దూరి ఉన్నాయేమో కూడా వెతకండి. రెడీమేడ్ టెంప్లేట్ కొన్నవాళ్లకు అవి ఉన్నాయన్న సంగతే తెలియదు. పిల్లల సమాచారాన్ని ఎలా కాపాడుకోవాలో చెప్పే యాపే ఆ సమాచారాన్ని లాగేస్తే పరువు పోతుంది.

డీప్‌ఫేక్ (ఏఐతో చేసే నకిలీ వీడియో, గొంతు) పాఠంలో పిల్లలతోనే ఒకటి చేయిస్తే బాగా అర్థమవుతుంది కదా? – హైదరాబాద్ నుంచి ఒక యాప్ డిజైనర్

సాటి పిల్లల ముఖంతో, గొంతుతో వద్దేవద్దు. సరదాగా మొదలైంది సాయంత్రానికి వాట్సాప్ గ్రూపుల్లో ఉంటుంది. నమూనాలు మీరే తయారుచేసి పెట్టండి, ఒప్పుకున్న పెద్దవాళ్ల ముఖాలతో.

వేళ్లు లెక్కపెట్టండి, కళ్లార్పడం చూడండి లాంటి చిట్కాలు కూడా తగ్గించండి. సాధనాలు మెరుగవుతున్న కొద్దీ అవి పాతబడతాయి. 2023 నవంబర్‌లో నటి రష్మిక మందన్న ముఖం అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. అది నకిలీ అని తేలింది అసలు వీడియో దొరకడంతో. అందులో ఉన్నది వేరే అమ్మాయి. ఆ కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసిన యువకుడు గుంటూరు జిల్లావాడని చెబితే మన పిల్లలు ఇంకాస్త నిటారుగా కూర్చుంటారు. కాబట్టి నేర్పాల్సింది వెతకడం: వీడియో ఆపి స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెట్టడం, మొదట ఎవరు పెట్టారో చూడటం, తేలేదాకా ఫార్వర్డ్ చేయకపోవడం. తమ ఫొటోతోనే ఎవరైనా ఇలా చేస్తే ఏం చేయాలో కూడా ఒక తెర ఉండాలి. పెద్దవాళ్లలో ఒకరికి చెప్పడం, స్క్రీన్‌షాట్లు దాచడం, కేంద్రం నడిపే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు, చైల్డ్‌లైన్ 1098. 'నీ తప్పేం లేదు' అన్న మాట ఆ తెర మీద అన్నిటికన్నా పైన పెద్ద అక్షరాల్లో పెట్టండి.

టీచర్లు ఏఐతో ప్రశ్నలు తయారుచేసుకునే సౌకర్యం పెడుతున్నాం. తెలుగులో అయితే ఖర్చు పెరుగుతుందంటున్నారు, నిజమా? – వరంగల్

నిజమే, మునుపటంత కాదు. ఏపీఐ బిల్లు టోకెన్ల (ఏఐ వాక్యాన్ని విడగొట్టే చిన్న ముక్కల) లెక్కన వస్తుంది. తెలుగు వాక్యం ఎక్కువ టోకెన్లుగా ముక్కలవుతుంది. 2024 మేలో జీపీటీ-4ఓ మోడల్ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ ఇచ్చిన నమూనాలో ఒక తెలుగు వాక్యం 159 టోకెన్ల నుంచి 45కి తగ్గింది. అదే వాక్యానికి ఇంగ్లిష్‌లో 24. మీరు వాడే మోడల్‌లో ఒక పాఠం పేరా పెట్టి లెక్క చూసుకున్నాకే బడ్జెట్ వేయండి. ఈ సౌకర్యం టీచర్ల లాగిన్‌కే పరిమితం కావాలి, ప్రశ్న టీచర్ చూసి ఒప్పుకున్నాకే పిల్లల తెర మీదికి వెళ్లాలి.

యాప్ తయారైంది. ప్లే స్టోర్‌లో పెట్టడానికి ఎంత టైం పడుతుంది? – తిరుపతి

డెవలపర్ ఖాతాకి ఒకసారి 25 డాలర్లు కట్టాలి. కొత్తగా తీసుకున్న వ్యక్తిగత ఖాతా అయితే కనీసం 12 మంది టెస్టర్లు 14 రోజుల పాటు ఆగకుండా క్లోజ్డ్ టెస్టింగ్‌లో (మీరు పిలిచినవాళ్లకే యాప్ ఇచ్చి చూసే దశ) ఉండాలి, ఆ తర్వాతే అందరికీ విడుదల చేసే అనుమతి అడగగలరు. పిల్లల యాప్ కాబట్టి ఫ్యామిలీస్ పాలసీ (పిల్లల యాప్‌లకు గూగుల్ పెట్టిన నియమాలు) పరిశీలన కూడా ఉంటుంది. యాప్‌లో ఏఐ అప్పటికప్పుడు ఏదైనా రాసి చూపిస్తుంటే, అభ్యంతరకరమైనదాన్ని అక్కడికక్కడే రిపోర్టు చేసే బటన్ తప్పనిసరి. ప్రాజెక్టు సబ్మిషన్ తేదీకి నెల ముందే మొదలుపెట్టండి, టెస్టర్లుగా తోటి విద్యార్థుల కన్నా టీచర్లను చేర్చుకోండి.