క్వయర్‌లో తగవు తీరేదెలా?

ప్రశ్న: మా చర్చి క్వయర్ రెండు ముక్కలైంది. పెద్దవాళ్లు హార్మోనియం, పాత కీర్తనలు వదలరు. కుర్రాళ్లకు కీబోర్డు, కొత్త పాటలు కావాలి. క్రిస్మస్ దగ్గరపడుతోంది, ఒకటే టెన్షన్! – ఓ పాఠకురాలు

జవాబు: ఈ తగవు కొత్తదేం కాదమ్మా. బైబిల్లో చూడండి, ఫిలిప్పీ ఊరి క్రైస్తవ సంఘంలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలూ అపొస్తలుడైన పౌలుతో కలిసి సువార్త పనిలో కష్టపడ్డవాళ్లే, అయినా వాళ్లకీ పడలేదు. తప్పెవరిదో పౌలు తేల్చలేదు, ఆ సంఘానికి రాసిన పత్రికలో (ఉత్తరంలో) ఇద్దరినీ పేరు పెట్టి మరీ ఏకమనస్సుతో ఉండమని బతిమాలాడు. అదే పత్రికలో, రెండో అధ్యాయంలో, ఎదుటివాళ్లను మీకంటే యోగ్యులుగా ఎంచుకోండని కూడా రాశాడు.

మన దగ్గరైతే సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంగతే చూడండి. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు ఒక్కటి కావడానికి 1919లో తరంగంబాడిలో కదిలిన ప్రయత్నం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఫలించింది. అందుకోసం అంత పాటుపడ్డ డోర్నకల్ బిషప్ అజరయ్య ఆ రోజు చూడకుండానే 1945లో కన్నుమూశారు. వాళ్లవి బిషప్ ఉండాలా వద్దా లాంటి పెద్ద చిక్కులు, మీది హార్మోనియం!

ఈ ఆదివారం పెద్దవాళ్లనే నోరు తెరిచి కుర్రాళ్ల పాట ఒకటి అడగమనండి. కుర్రాళ్లు ఒక కీర్తన రాగం తప్పకుండా వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. ముందు ఎవరు తగ్గాలంటారా, పెద్దవాళ్లే. అయితే గొడవ వెనక చందాల లెక్కలుంటే మాత్రం తగ్గిపోకండి, కమిటీలో అడగండి.